అక్షరానికీ గొంతుకూ నడుమ

రైలు స్టేషనులో నిలుచున్న ప్రయాణికుడు ప్రకటనను ఎంతో శ్రద్ధగా వింటాడు గాని, ఆ ప్రకటన ఎట్లా తయారైనదో ఆలోచించడు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సంఖ్య 12727. స్టేషనులోని గొంతు దానిని "ఒకటి రెండు ఏడు రెండు ఏడు" అని అంకె వెంట అంకెగా పలుకుతుంది. బండి ఒకవేళ 12-27కు వస్తుందనుకుంటే, దానిని "పన్నెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు" అని చెప్పవలసి ఉంటుంది. టిక్కెట్ల మీద వసూలైన సొమ్ము 12,727 రూపాయలైతే "పన్నెండు వేల ఏడు వందల ఇరవై ఏడు" అనాలి. కాగితం మీద అంకెలు ఇంచుమించు అవే. పలుకులు మాత్రం మూడు.

మనుష్యుడు ఈ భేదాన్ని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు. అది బండి సంఖ్యయా, వేళయా, డబ్బా అన్నది అతనికి ముందే తెలుసు. యంత్రానికి తెలియదు. అందువల్ల అక్షరానికీ గొంతుకూ నడుమ ఒక జల్లెడను అమర్చవలసి వచ్చింది. వ్రాతను ముందుగా వడగట్టి, పలుకదగిన రూపానికి మార్చి, ఆ తరువాతనే గొంతుకు అందించే ఏర్పాటు ఇది. మాట్లాడే యంత్రాల చరిత్రను చెప్పేవారు సాధారణంగా గొంతు ఎంత మధురమైనదో చెబుతారు. కాని ఆ యంత్రం చెప్పినదానిని నమ్మవచ్చునా లేదా అన్నది గొంతు మీద కాక, ఈ జల్లెడ మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

గొంతు వచ్చింది, చదువు రాలేదు

యంత్రం చేత మాట్లాడించాలన్న కోరిక పాతది. ప్రెస్‌బర్గ్ నగరంలో 1734లో పుట్టిన వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ 1769 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టి, 1791లో తన మాట్లాడే యంత్రాన్ని వర్ణిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. ఊపిరితిత్తులకు బదులు తోలుతిత్తి, కంఠనాళానికి బదులు సన్నాయిలోని పీక వంటి ఒక రేకు, నోటికి బదులు మెత్తని గరాటు అందులో ఉండేవి. ఆ గరాటును అరచేతితో మూస్తూ తెరుస్తూ ఉంటే అచ్చులు పలికేవి. యంత్రానికి గొంతు ఉన్నది. ఏమి పలకాలో నిర్ణయించేది మాత్రం దాని పక్కన కూర్చున్న మనిషి చెయ్యి.

సుమారు నూట యాభై ఏళ్ల తరువాత కూడ పరిస్థితి అట్లాగే ఉన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ రూపొందించిన "వోడర్" అనే విద్యుత్ యంత్రాన్ని 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపించారు. ఒక యువతి దాని ముందు కూర్చుని, పది మీటలను వ్రేళ్లతో నొక్కుతూ, మణికట్టుతో ఒక కడ్డీని కదిలిస్తూ, కాలితో స్వరాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ మాటలు పలికించేది. ఆ పది మీటలు పది విద్యుత్ వడపోతలను తెరిచేవి. ధ్వనిలోని కొన్ని పౌనఃపున్యాలను పోనిచ్చి, తక్కినవాటిని ఆపటం వాటి పని. ఈ వాయిద్యం పట్టుబడటానికి సుమారు ఏడాది శిక్షణ కావలసి వచ్చేది.

పాఠకులు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. వోడరులో వడపోసినది ధ్వనిని. మనం చెప్పుకోబోయే వడపోత ధ్వనికి కాదు, వ్రాతకు. కాగితం మీది వాక్యాన్ని వోడర్ చదవలేదు. చదివినది ఆ యువతి.

గాజు పలకల మీద మూస

చదువు రాని యంత్రం చేత కూడ నమ్మదగిన మాట చెప్పించవచ్చునని మొదట చూపినది గడియారం. పారిస్ ఖగోళశాలకు అధిపతియైన ఎర్నెస్ట్ ఎస్క్లాంగో పూనికతో 1933 ఫిబ్రవరి 14న టెలిఫోనులో వేళ చెప్పే గడియారం పనిచేయటం ప్రారంభించింది. లండన్ నగరంలో అటువంటిదే 1936 జూలై 24న మొదలైంది. టెలిఫోన్ ఉద్యోగిని ఎథెల్ కేన్‌ను పోటీ పెట్టి ఎన్నుకుని, ఆమె గొంతును గాజు పలకల మీద కాంతిరేఖలుగా ముద్రించారు.

ఈ గడియారం ప్రతి పది సెకండ్లకు ఒకసారి వేళ చెప్పేది. పన్నెండు గంటల కాలంలో 4,320 వేర్వేరు వాక్యాలు కావాలి. అన్నింటినీ ముద్రించటం వృథా శ్రమ. ఆ వాక్యాలన్నింటికీ ఆకారం ఒకటే. మారేవి మూడు చోట్లు మాత్రమే: గంట, నిమిషం, సెకండు. గంటలకు 12, నిమిషాలకు 60, సెకండ్లకు 6 ముక్కలు చొప్పున, మొత్తం 78 ముక్కలు ఉంటే చాలును. వాక్యాన్ని ఒక మూసగా పోసి, అందులో మూడు ఖాళీలు వదిలి, వేళకు తగిన ముక్కను ఆ ఖాళీలో పెడితే సరిపోతుంది.

అయితే మూసలో ఒక చిక్కు ఉన్నది. నిమిషాలు సున్నా అయినప్పుడు "సున్నా నిమిషాలు" అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో అక్కడ "ఓ క్లాక్" అంటారు. సెకండ్లు సున్నా అయినప్పుడు "సరిగ్గా" అనే అర్థం గల మాట వేస్తారు. లండన్ గడియారం ఈ రెండు మర్యాదలనూ పాటించేది. ఖాళీలోకి వచ్చిన విలువను చూచి, దానికి తగిన మాటను ఎంచుకోవటం అనే సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తరువాత వచ్చిన వ్రాత వడపోతలన్నీ ఈ చిన్న సూత్రానికి విస్తరణలే.

నియమాల జల్లెడ

మూస ముందుగా తెలిసిన వాక్యాలకే పనికివస్తుంది. ఏ పుస్తకం చేతికిచ్చినా చదవాలంటే ఏమి చేయాలి? 1961లో బెల్ ప్రయోగశాలలో జాన్ కెల్లీ, లూయీ గెర్స్ట్‌మన్ ఒక కంప్యూటర్ చేత మాట్లాడించారు. "డైసీ బెల్" అనే పాట కూడ పాడించారు. కాని ఆ కంప్యూటరుకు అందినవి అక్షరాలు కావు. ఏ ధ్వని తరువాత ఏ ధ్వని రావాలో మనుష్యులే నిర్ణయించి, రంధ్రాలు పొడిచిన అట్టల మీద అందించారు. మామూలు ఇంగ్లీషు వ్రాతను తీసుకుని తనంత తానుగా పలికిన తొలి సంపూర్ణ వ్యవస్థను 1968లో జపాన్ దేశపు విద్యుత్ సాంకేతిక ప్రయోగశాలలో నోరికో ఉమెదా, ఆమె సహచరులు తయారు చేశారు.

ఇంగ్లీషు వ్రాతను పలుకుగా మార్చటం ఎంత కష్టమో బడిలో వర్ణక్రమం వల్లెవేసిన ప్రతి తెలుగు విద్యార్థికీ తెలుసు. "జి", "హెచ్" అనే రెండక్షరాలు కలిసి "ఘోస్ట్" అనే మాటలో గకారంగానూ, "రఫ్" అనే మాటలో ఫకారంగానూ వినిపిస్తాయి. "నైట్" అనే మాటలో బొత్తిగా వినిపించవు. అంటే అక్షరాన్ని విడిగా చూచి లాభం లేదు. దాని ఎడమ పక్కనా కుడి పక్కనా ఏమున్నదో చూడాలి.

ఈ ఆలోచనను చక్కని పద్ధతిలో పెట్టినవారు అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన నలుగురు: హనీ ఎలోవిట్జ్, రాడ్నీ జాన్సన్, ఆస్ట్రిడ్ మెక్‌హ్యూ, జాన్ షోర్. 1976లో వారు ప్రకటించిన వ్యాసంలో 329 నియమాలు ఉన్నాయి. ప్రతి నియమానికీ నాలుగు భాగాలు: ఎడమ పక్క ఉండవలసినది, నడుమనున్న అక్షరాలు, కుడి పక్క ఉండవలసినది, ఆ అక్షరాలకు ఇవ్వవలసిన ధ్వని. యంత్రం మాటను ఎడమ నుంచి కుడికి చూస్తూ, సరిపోయిన మొదటి నియమాన్ని అమలు జరిపి ముందుకు పోతుంది. ఇంత చిన్న సాధనంతో మామూలు వ్రాతలోని మాటల్లో నూటికి సుమారు తొంభై సరిగా పలికినవి.

నూటికి తొంభై అంటే పరీక్షలో గొప్ప మార్కు. చదవటంలో మాత్రం ప్రతి పది మాటలకూ ఒకటి తప్పు అన్నమాట. మిగిలిన ఆ పది వంతుల కోసమే తరువాతి కృషి అంతా జరిగింది.

గొట్టాలూ, వడపోతలూ

ఇదే కాలంలో బెల్ ప్రయోగశాలలో మరొక ఆలోచన రూపు దిద్దుకున్నది. తోటకు నీరు పెట్టే రబ్బరు గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్లే కంప్యూటర్ ప్రోగ్రాములను కూడ తగిలించగలగాలని 1964లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ తన సహోద్యోగులకు వ్రాశాడు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థలో ఈ సదుపాయాన్ని ఏర్పరిచాడు. ఒక ప్రోగ్రాము నుంచి వెలువడే వ్రాత నేరుగా రెండవదానిలోకి ప్రవహిస్తుంది. వ్రాతను ఒక వైపు నుంచి తీసుకుని, కొంత మార్చి, మరొక వైపుకు పంపే చిన్న ప్రోగ్రాములకు "ఫిల్టర్" అనే పేరు స్థిరపడింది. మన మాటలో వడపోత.

ఈ మెక్‌ఇల్‌రాయే ఇంగ్లీషు వ్రాతను ధ్వనిసంకేతాలుగా మార్చి యంత్రం చేత పలికించే "స్పీక్" అనే ప్రోగ్రామును కూడ రచించటం విశేషం. దాని నియమాలను వివరిస్తూ 1974లో ఒక నివేదిక వెలువరించాడు. ఆ వ్యవస్థలోనే లెక్కలు కట్టే ప్రోగ్రాము ఒకటి, అంకెలను మాటలుగా వ్రాసే ప్రోగ్రాము మరొకటి ఉండేవి. ఈ మూడింటినీ వరుసగా తగిలిస్తే లెక్క కట్టి సమాధానాన్ని నోటితో చెప్పే యంత్రం సిద్ధమవుతుంది.

ఇందులో పాఠం ఒకటున్నది. చదవటం అనే పెద్ద పనిని ఒకే ప్రోగ్రాము మీద మోపనక్కరలేదు. ఒక వడపోత అంకెల సంగతి చూస్తుంది. వేరొకటి సంక్షిప్తాలను విప్పుతుంది. ఇంకొకటి అక్కరలేని గుర్తులను తొలగిస్తుంది. ప్రతిదానినీ విడిగా పరీక్షించి, విడిగా బాగు చేసుకోవచ్చును.

క్లాట్ గొంతు

1976 జనవరిలో రేమండ్ కుర్జ్‌వైల్ అంధుల కోసం ఒక పఠన యంత్రాన్ని ప్రదర్శించాడు. అచ్చు పుస్తకాన్ని దాని గాజు పలక మీద బోర్లా పెడితే అక్షరాలను గుర్తించి బిగ్గరగా చదివేది. ఇతరుల కళ్ల మీద ఆధారపడి చదువుకుంటున్న వారికి ఇది ఎంత స్వేచ్ఛనిచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు. అంతవరకు మాట్లాడే యంత్రం ప్రదర్శనలో వింత. ఇప్పుడది ఒక మనిషికి అవసరమైన వస్తువు. వింతలో తప్పు దొర్లితే జనం నవ్వుతారు. అవసరమైన వస్తువులో తప్పు దొర్లితే మనిషి మోసపోతాడు.

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో జోనథన్ ఆలెన్, షెరి హనికట్, డెన్నిస్ క్లాట్ 1979 నాటికి "ఎం.ఐ.టాక్" అనే వ్యవస్థను పూర్తి చేశారు. మాటలను వాటి మూలభాగాలుగా విడదీసేందుకు సుమారు 12,000 భాగాల నిఘంటువు అందులో ఉన్నది. ఆ నిఘంటువుకన్న ముందు, అన్నిటికంటె మొదట నిలిచినది వ్రాతను శుభ్రపరిచే విభాగం. అంకెలను మాటలుగా విప్పటం, సంక్షిప్తాలను పూర్తి చేయటం, విరామచిహ్నాల సంగతి తేల్చటం దాని పని. ఇంగ్లీషులో "డి", "ఆర్" అని వ్రాసి చుక్క పెడితే అది ఒకచోట డాక్టర్, మరొకచోట డ్రైవ్ అనే వీధి పేరు. "ఎస్", "టి" అని వ్రాస్తే ఒకచోట సెయింట్, మరొకచోట స్ట్రీట్. మాట ముందున్నదా వెనుకనున్నదా అన్నదానిని బట్టి తేల్చుకోవాలి.

1984లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వారి "డెక్‌టాక్" యంత్రం బజారుకు వచ్చింది. దానికి ఆధారం క్లాట్ పరిశోధన. అందులోని ప్రధాన స్వరానికి ఆయన సొంత గొంతే నమూనా. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరుతో లోకమంతా గుర్తుపట్టిన యాంత్రిక స్వరానికి మూలం కూడ ఆయన కృషే. తన గొంతు వ్యాధి వల్ల క్షీణిస్తున్న రోజులలో కూడ క్లాట్ ఈ పని సాగించి, 1988లో మరణించాడు.

డెక్‌టాక్‌లో మరొక విశేషం ఉన్నది. వ్రాత నడుమ చదరపు కుండలీకరణాలలో ఆజ్ఞలు వ్రాయవచ్చును. ఇక్కడ నెమ్మదిగా చదువు, ఇక్కడ గొంతు మార్చు, ఈ మాటను ఈ ధ్వనులతో పలుకు అని చెప్పవచ్చును. యంత్రం తప్పు పలికే పేర్లను వాడుకరియే ఒక చిన్న నిఘంటువులో చేర్చుకోవచ్చును. కర్మాగారంలో బిగించిన జల్లెడను ఇంట్లో సవరించుకునే వీలు ఏర్పడింది.

వినేవారి చేతిలో పగ్గాలు

ఈ వీలును చాలా దూరం తీసుకుపోయినవాడు భారతదేశంలో పెరిగి, అమెరికాలో పరిశోధన చేసిన టి. వి. రామన్. పద్నాలుగవ యేట చూపు కోల్పోయిన ఈయన గణితం చదువుకున్నాడు. గణిత పుస్తకాన్ని బిగ్గరగా చదివితే ఏమి నష్టం జరుగుతుందో ఆయనకు అనుభవం. "ఎ ప్లస్ బి బై సి" అని ఎవరైనా చదివితే, సి అనే అక్షరం బి క్రింద మాత్రమే ఉన్నదా, ఎ, బి రెండింటి మొత్తం క్రింద ఉన్నదా? చూచేవానికి గీత పొడవు చెబుతుంది. వినేవానికి ఏదీ చెప్పదు.

1994లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలో రామన్ "ఆస్టర్" అనే వ్యవస్థను రూపొందించాడు. అది తన దారి చూపే కుక్క పేరు. ఈ వ్యవస్థ పుస్తకాన్ని అక్షరాల వరుసగా గాక, కొమ్మలు గల చెట్టుగా గ్రహిస్తుంది. భిన్నం ఒక కొమ్మ, ఘాతాంకం ఒక కొమ్మ, అధ్యాయం పేరు ఒక కొమ్మ. ఏ రకం కొమ్మను ఎట్లా పలకాలో చెప్పే నియమాలు వేరుగా ఉంటాయి. ఘాతాంకం వచ్చినప్పుడు గొంతు హెచ్చు స్థాయికి పోతుంది. అక్షరం క్రింద వ్రాసే చిన్న అంకె వచ్చినప్పుడు దిగుతుంది. సమీకరణం మరీ పొడుగైతే అందులోని పెద్ద భాగానికి ఒక పేరు పెట్టి, ముందు ఆకారాన్ని వినిపించి, తరువాత వివరం చెబుతుంది. నియమాలు నచ్చకపోతే వినేవారు మార్చుకోవచ్చును.

అంతవరకు యంత్రం చదివినట్లు మనిషి వినవలసి వచ్చేది. ఆస్టరులో మనిషి వినదలచినట్లు యంత్రం చదివింది.

గుర్తుల భాష, హైదరాబాదు సభ

ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రకం ఆజ్ఞలు పెట్టుకున్నందువల్ల ఒక యంత్రానికి వ్రాసినది మరొక యంత్రానికి అర్థమయ్యేది కాదు. 1990వ దశకం నడుమ ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఏమీ ఐజార్డ్, పాల్ టేలర్ మాటకు సంబంధించిన గుర్తుల భాష ఒకటి ప్రతిపాదించారు. దాని దారిలోనే మరికొన్ని వచ్చాయి. చివరకు ప్రపంచవ్యాప్త వెబ్ కన్సార్టియం 2004 సెప్టెంబరు 7న "ఎస్.ఎస్.ఎం.ఎల్." అనే ప్రమాణాన్ని ప్రకటించింది.

ఇందులోని గుర్తులు చాలా సులువైనవి. ఒకటి ఇక్కడ ఇంతసేపు ఆగమంటుంది. ఒకటి ఈ అంకెలను తేదీగా చదవమనో, టెలిఫోన్ సంఖ్యగా చదవమనో చెబుతుంది. ఒకటి వ్రాసినదానికి బదులు మరొక మాట పలకమంటుంది. ఇంకొకటి స్థాయి, వేగం, బిగ్గరతనం మారుస్తుంది. అచ్చులో వంకర అక్షరాలూ, లావు అక్షరాలూ చేసే పనిని ఇవి చెవికి చేసి పెడతాయి.

అయితే ఈ ప్రమాణం పాశ్చాత్య భాషల అలవాట్లకే ఎక్కువగా సరిపోయింది. మాటల మధ్య ఖాళీ వదలని చైనా వ్రాతకూ, పలు లిపులు గల మన దేశానికీ చాలని చోట్లు కనిపించాయి. అందుకని 2005లో బీజింగ్‌లో, 2006లో గ్రీసు దేశపు క్రీట్ దీవిలో, 2007 జనవరిలో హైదరాబాదులో సభలు జరిపారు. వాటి ఫలితంగా 2010 సెప్టెంబరులో సవరించిన ప్రమాణం వెలువడింది.

తెలుగు జల్లెడ

తెలుగుకు ఈ బాధ లేదని కొందరు అనుకుంటారు. వ్రాసినట్లే పలుకుతాము గదా అని వారి ధీమా. అక్షరాల వరకు ఇది చాలామట్టుకు నిజమే. "జి", "హెచ్" వంటి పీడ మనకు లేదు. కాని అంకెలూ, సంక్షిప్తాలూ వచ్చేసరికి తెలుగు కూడ మెత్తగా లొంగేది కాదు.

"రూ. 1956" అన్న చోట రూపాయి గుర్తు ముందు ఉన్నది. పలుకులో "వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై ఆరు రూపాయలు" అని అది వెనుకకు పోవాలి. అదే అంకె "1956లో" అని ఉంటే సంవత్సరం. "పందొమ్మిది వందల యాభై ఆరులో" అనాలి. "3000" విడిగా ఉంటే "మూడు వేలు". పక్కన రూపాయలు గాని జనం గాని వస్తే "మూడు వేల రూపాయలు", "మూడు వేల మంది". వేలులోని ఉకారం పోవాలని ఇంగ్లీషు కోసం తయారు చేసిన వడపోతకు తెలియదు. "100కి 60" అంటే "నూటికి అరవై". "2 మంది" అని వ్రాసి ఉంటే "ఇద్దరు" అనాలి, "రెండు మంది" అనరాదు. ఆవులైతే మాత్రం రెండే. లక్షలు వ్రాసేటప్పుడు మనం "1,50,000" అని పెడతాము. మూడేసి అంకెలకు ఒక కామా ఉంటుందని నమ్మిన వడపోత దానిని ముక్కలు చేసి పలికినా ఆశ్చర్యం లేదు.

వడపోతలను ఏ వరుసలో పెట్టాలన్నది ఇంకొక సమస్య. "మీ." అంటే మీటర్లు, "కి.మీ." అంటే కిలోమీటర్లు. చిన్న నియమాన్ని ముందు నడిపితే అది "కి.మీ." లోని చివరి భాగాన్ని మింగి "కి. మీటర్లు" అనే వికృత రూపాన్ని మిగులుస్తుంది. పెద్దదానిని ముందు, చిన్నదానిని తరువాత నడపాలి. చుక్క దగ్గర వాక్యం ముగుస్తుందనే నియమం అంకెల నియమానికన్న ముందు నడిస్తే "2.5 మి.లీ." అన్నది "రెండు" అని ఆగి, "ఐదు మిల్లీలీటర్లు" అని కొత్తగా మొదలవుతుంది. పసిబిడ్డకు మందు పోయబోతున్న తల్లి ఆ రెండవ ముక్కను మాత్రమే వింటే ఏమవుతుంది? మందు రెండింతలు. అక్షరం తప్పలేదు, అంకె తప్పలేదు, గొంతు తప్పలేదు. తప్పినది జల్లెడల వరుస.

నేటి మూసలు

గాజు పలకల నాటి మూస ఇప్పుడు కంప్యూటర్ వ్రాతలో కొత్త రూపు ధరించింది. 2005లో వెలువడిన జాంగో, ఆ తరువాత వెలువడిన జింజా వంటి సాధనాలలో వాక్యాన్ని మూసగా వ్రాసి, మారే చోట జంట కుండలీకరణాలతో ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ పక్కనే ఒక నిలువు గీత గీసి వడపోత పేరు వ్రాస్తారు. యూనిక్స్ గొట్టానికి గుర్తుగా వాడిన నిలువు గీతయే ఇది.

ఈ మూసలు మొదట వెబ్ పుటలను తయారు చేయటానికి పుట్టినవి. యంత్రం చేత పలికించవలసిన వాక్యాలకు కూడ అవి ఎంతో అక్కరకు వస్తున్నాయి. గదిలోని వేడిని చెప్పే వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుందాము. కొలిచే సాధనం 31.4728 అని పంపవచ్చును. కంటికి అది కొంచెం చికాకు. చెవికి భరించరాని శిక్ష. అంకెను కుదించే వడపోతను తగిలిస్తే "ముప్ఫై ఒకటి" అని వినిపిస్తుంది. సాధనం చెడిపోయి ఏ విలువా పంపకపోతే, ఖాళీ బదులు "కొలత అందలేదు" అనే మాటను పెట్టే వడపోత ఉన్నది. పుటలోని అలంకార గుర్తులను తొలగించేది, ఒక మాటకు బదులు వేరొక మాట పెట్టేది ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన వ్రాతలో కోణపు గుర్తులు ఉంటే ఎస్.ఎస్.ఎం.ఎల్. వాటిని తనకిచ్చిన ఆజ్ఞలుగా పొరబడుతుంది. ఆ గుర్తులను నిరపాయకరమైన రూపానికి మార్చే వడపోతను గొంతుకు ముందు చివరి కాపలాగా నిలపాలి.

ఇక్కడ జాగ్రత్త ఒకటి అవసరం. కుదింపు అన్నిచోట్లా మంచిది కాదు. గది వేడిలో అర డిగ్రీ పోతే నష్టం లేదు. జ్వరంతో ఉన్న మనిషి ఒంటి వేడిలో అర డిగ్రీ పోతే నష్టమే. ఏ ఖాళీకి ఏ వడపోత తగినదో తేల్చవలసినది ఆ అంకె అర్థం తెలిసిన మనిషి.

తీయని గొంతు, తప్పు అంకె

2016లో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన "వేవ్‌నెట్", దాని వెనుక వచ్చిన ఇతర వ్యవస్థలు గొంతు సమస్యను చాలామట్టుకు తీర్చాయి. మెదడులోని నాడీజాలాన్ని పోలిన గణితజాలాలు వేలాది వాక్యాలు విని, మనుష్యుల వలెనే పలకటం నేర్చుకున్నవి. ఇక నియమాలూ వడపోతలూ అనవసరమనీ, వ్రాతను విప్పటం కూడ ఆ జాలాలే నేర్చుకుంటాయనీ అనుకోవటం సహజం.

ఆ ఏడాదే రిచర్డ్ స్ప్రోట్, నవదీప్ జైట్లీ దీనిని పరీక్షించారు. నాడీజాలానికి కోట్లకొలది మాటల ఉదాహరణలు ఇచ్చి, అంకెలనూ సంక్షిప్తాలనూ విప్పటం నేర్పారు. మొత్తం మీద ఫలితం చాలా బాగున్నది. కాని జరిగిన కొద్ది తప్పుల స్వభావం వేరు. ఒక సంఖ్యకు బదులు వేరొక సంఖ్యను చదవటం, ఒక కొలమానానికి బదులు సంబంధం లేని మరొక కొలమానాన్ని చెప్పటం వంటివి అవి. పాత నియమాల యంత్రం తప్పు చేస్తే ముక్కలు ముక్కలుగా, వికారంగా పలికేది. వినేవానికి అనుమానం కలిగేది. కొత్త యంత్రం తప్పును కూడ తడబాటు లేకుండా, నిండు వాక్యంలో, తీయగా చెబుతుంది.

ఆ పరిశోధకులు చూపిన మందు పాతదే. ఒక సంఖ్యకు ఏయే పలుకులు సాధ్యమో చెప్పే చిన్న వ్యాకరణాన్ని వడపోతగా అమర్చి, నాడీజాలం ఆ హద్దు దాటకుండా కట్టడి చేశారు. అప్పుడు ఆ భయంకరమైన తప్పులు తగ్గినవి. 329 నియమాల నాటి జల్లెడ కొత్త యంత్రం ముందు మళ్లీ వచ్చి నిలిచింది.

కెంపెలెన్ చేతి నుంచి నేటి నాడీజాలం వరకు గొంతు ఎన్నో రెట్లు మెరుగుపడింది. చదువుకోని రైతు మిర్చి ధరను, చూపు లేని విద్యార్థి సమీకరణాన్ని, ముసలి తండ్రి మందు మోతాదును యంత్రం నోట వినే రోజులు వచ్చాయి. వారిలో ఎవరికీ కాగితం మీది అంకెతో పోల్చి చూచుకునే అవకాశం ఉండదు. కనుక వారి తరఫున పోల్చి చూచే పని ముందే జరిగి ఉండాలి. తెలుగు అంకెలకు, తెలుగు కొలతలకు, తెలుగు సంక్షిప్తాలకు తగిన జల్లెడలను తెలుగు బాగా తెలిసినవారే కూర్చాలి. కూర్చినవాటిని విని పరీక్షించాలి. రైలు స్టేషనులో బండి సంఖ్యను అంకె అంకెగా పలికించాలని ఎవరో ఒకరు ఒకనాడు ఆలోచించబట్టే ప్రయాణికుడు తన బండిని తప్పకుండా పట్టుకోగలుగుతున్నాడు.